నీళ్ళంటే భయం లేని మేనకోడలికి

గోపాల్‌పూర్,
ఆదివారం రాత్రి.

తల్లీ,

నిన్న నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు అరుగు మీదే కూర్చుండిపోయాను. అండమాన్ వెళ్ళి స్కూబా, అదే వీపున గాలి సిలిండర్ కట్టుకుని నీళ్ళ కింద ఈదడం, నేర్చుకుంటానన్నావు, నచ్చితే అక్కడే ఉద్యోగం చూసుకుంటానన్నావు. మీ అత్త సంతోషంతో గంగమ్మకు కొబ్బరికాయ మొక్కుకుంది. నాకూ సంతోషమే. కానీ చివర్లో ఒక మాట అన్నావు చూడు, "మావయ్యా, నాకు నీళ్ళంటే భయం లేదు కదా, తొందరగా వచ్చేస్తుంది" అని, ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలేది కాదని ఈ ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

నీకు భయం లేదని నాకు తెలుసు. చేపలు పట్టే మన నోలియాల పిల్లలకు అలలే ఆట. పూరీలో యాత్రికుల చెయ్యి పట్టుకుని సముద్రస్నానం చేయించేదీ, కొట్టుకుపోతుంటే దూకి లాక్కొచ్చేదీ మనవాళ్ళే. మీ తాత నిన్ను ఆరేళ్ళకే అలల్లో దింపితే మీ అమ్మ ఏడ్చింది, నువ్వు నవ్వావు. కానీ నీళ్ళ మీద బతికే విద్య వేరు, నీళ్ళ కింద బతికే విద్య వేరు. నేను పదిహేనేళ్ళు నేవీలో డైవర్‌గా, ఆ తర్వాత అండమాన్‌లో అంతకన్నా ఎక్కువ కాలం ఈ పనిలోనే ఉన్నాను. ఈత రాని పట్నం పిల్లలు చెప్పింది చెప్పినట్టు విని చక్కగా నేర్చుకోవడం చూశాను. గజ ఈతగాళ్ళు మొదటి వారంలోనే ప్రమాదం దాకా వెళ్ళడం కూడా చూశాను. కాబట్టి నువ్వు ముందు కొన్ని అలవాట్లు వదులుకోవాలి.

మొదటిది ఊపిరి బిగబట్టడం. తెగిన వల కోసమో, లంగరు చిక్కుకుంటే విడిపించడానికో మనం మునిగేది పైన పీల్చుకున్న గాలితో. ఎవరు ఎక్కువసేపు కింద ఉంటే వాళ్ళు మొనగాళ్ళు. ఆ గాలి కిందికి వెళ్తే నలిగి చిన్నదవుతుంది, పైకి వస్తే మళ్ళీ మామూలవుతుంది. స్కూబాలో అలా కాదు. నువ్వు ఎంత లోతులో ఉంటే అంత ఒత్తిడితో గాలి నీ నోటికి వస్తుంది. పైన ఒడ్డు మీద ఒత్తిడి ఒక బార్ అనుకో, ప్రతి 10 మీటర్లకూ ఇంకో బార్ పెరుగుతుంది. 10 మీటర్ల దగ్గర నిండా పీల్చి, బిగబట్టి పైకి వచ్చావంటే ఆ గాలి రెండింతలవుతుంది. ఊపిరితిత్తులు అంత సాగవు. చిరుగుతాయి. ఆ బుడగలు రక్తంలో పడి మెదడు దాకా వెళ్ళగలవు. అదే 30 మీటర్ల నుంచి 20కి వస్తే గాలి పెరిగేది మూడో వంతే. అంటే లోతులో కాదు, నీటి పైభాగం కనిపిస్తున్న ఆ చివరి పది మీటర్లలోనే ఎక్కువ జాగ్రత్త కావాలి. ఈతకొలనులో కూడా ఈ ప్రమాదం జరగగలదు. అందుకే స్కూబాలో మొదటి నియమం ఎప్పుడూ ఊపిరి ఆపకూడదని. సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ నోట్లో లేని క్షణంలో కూడా సన్నగా బుడగలు వదులుతూనే ఉండాలి. నీకు ఇరవై ఏళ్ళ అలవాటు ఇది. నేర్పేవాళ్ళు ఒకసారి చెప్పి వదిలేస్తారు. నువ్వు మాత్రం వందసార్లు గుర్తు చేసుకో.

దీనికి తోడు ఇంకొకటి. టెన్షన్ వచ్చినప్పుడు మనిషి చిన్న చిన్న ఊపిర్లు గబగబా తీస్తాడు. గాలి వస్తూనే ఉంటుంది కానీ లోపల బొగ్గుపులుసు వాయువు బయటికి పోదు. అది పేరుకుంటున్నకొద్దీ గాలి చాలడం లేదనిపిస్తుంది, ఇంకా గబగబా పీలుస్తాడు. కంగారు అక్కడే పుడుతుంది. అలా అనిపించిన మరుక్షణం కదలడం మానెయ్యి. కాళ్ళు ఆపు. ముందు పూర్తిగా, నెమ్మదిగా బయటికి వదులు. తర్వాత పీల్చు. మూడు నాలుగు ఊపిర్లు అయ్యాకే ఏం చెయ్యాలో ఆలోచించు.

ఇంకో చిన్న అలవాటు. మనం ఒడ్డున బొటనవేలు పైకెత్తి "బాగుంది" అంటాం. నీళ్ళ కింద దానికి అర్థం "పైకి వెళ్దాం" అని. బాగుందని చెప్పాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి. ఇప్పటినుంచే ఇంట్లో అలవాటు చేసుకో.

మీ తాత తెప్ప నీకు గుర్తుండే ఉంటుంది. వేట నుంచి రాగానే తాళ్ళు విప్పి దుంగలను విడివిడిగా ఇసుకలో ఆరబెట్టేవాడు. మళ్ళీ వెళ్ళే ముందు మొదటినుంచీ కట్టేవాడు. నలభై ఏళ్ళు కట్టినా, కట్టిన ప్రతిసారీ ప్రతి ముడినీ కాలితో తొక్కి, చేత్తో లాగి చూసేవాడు. పక్కనున్నవాడు కట్టిన ముడిని ఇతను, ఇతను కట్టినదాన్ని పక్కనున్నవాడు చూసేవాళ్ళు. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేక కాదు. అలలు దాటాక ఒక ముడి జారితే తెప్ప మొత్తం జారుతుంది కాబట్టి. నేను నేవీలో చేరాక చదువుకున్న ఎన్నో పుస్తకాల సారం ఆ ఒడ్డునే ఉంది.

ఇదే ఆలోచనను స్కూబాలో బాగా ముందుకు తీసుకెళ్ళినవాళ్ళు అమెరికాలో ఫ్లోరిడా గుహల్లో దిగే డైవర్లు. అక్కడ వకుల్లా అనే పెద్ద ఊట ఉంది, దాని కింద మైళ్ళకొద్దీ నీటి గుహలు. తల మీద రాయి ఉంటే నేరుగా పైకి వచ్చే దారి లేదు. గాలి అయిపోయినా, దీపం ఆరిపోయినా, వెళ్ళిన దారినే వెనక్కి రావాలి. 1970ల్లో ఆ గుహల్లో చనిపోయినవాళ్ళ ప్రమాదాలను ఒక్కొక్కటిగా తిరగేసి చూస్తే మళ్ళీ మళ్ళీ అవే కారణాలు కనిపించాయట: బయటి దాకా తాడు వేసుకోకపోవడం, తిరిగి రావడానికి మూడింట రెండు వంతుల గాలి మిగుల్చుకోకపోవడం, మరీ లోతుకు వెళ్ళడం. ఆ తర్వాత వుడ్‌విల్ కార్స్ట్ ప్లెయిన్ ప్రాజెక్ట్ అనే బృందం వకుల్లా గుహలను శోధిస్తూ ఒక పద్ధతి అలవరచుకుంది. బృందంలో అందరి సామానూ ఒకేలా అమర్చి ఉండాలి, అనవసరమైనది ఒక్క కొక్కెం కూడా వేలాడకూడదు, ఎవరి దగ్గర ఏది ఎక్కడుందో చీకట్లో కూడా అందరికీ తెలియాలి, ఒంటికి ఆరోగ్యం, మనసుకు నిలకడ, కాగితం మీద లెక్క అన్నీ కలిపి ఒకటిగా చూడాలి. దానికి డూయింగ్ ఇట్ రైట్ అని పేరొచ్చింది. ఆ బృందంలోని జారడ్ జబ్లాన్‌స్కీ 1998లో గ్లోబల్ అండర్‌వాటర్ ఎక్స్‌ప్లోరర్స్ అనే సంస్థ పెట్టి ఈ పద్ధతిని మామూలు డైవర్లకూ నేర్పడం మొదలుపెట్టాడు. పొగ తాగేవాళ్ళకు వాళ్ళు శిక్షణ ఇవ్వరు. నాకు నచ్చిన విషయాల్లో అదొకటి.

నువ్వు గుహల్లోకి వెళ్ళడం లేదు. వాళ్ళ ఖరీదైన సామాను కూడా నీకు ఇప్పుడు అక్కర్లేదు. ఆ పద్ధతిలో నువ్వు తీసుకోవాల్సింది ఒకటే: సామాను, ఊపిరి, పక్కనున్న మనిషి, నీ ఒళ్ళు, గాలి లెక్క ఇవి ఐదు వేర్వేరు పాఠాలు కావు. ఒకటి కదిలితే మిగతావన్నీ కదులుతాయి. ఇది నాకు ఎలా తెలిసొచ్చిందో చెబుతాను. మీ అమ్మకు ఈ సంగతి ఇప్పటిదాకా చెప్పలేదు.

అండమాన్‌లో ఒక చోట పని చేస్తున్న రోజులు. ఆ రోజు పడవ ఆలస్యమైంది, అతిథులు చిరాగ్గా ఉన్నారు, యజమాని తొందరపెడుతున్నాడు. నా సిలిండర్ వాల్వ్ నేను ముందే తెరిచాను. పడవలో సాయం చేసే కుర్రాడు, తెరవలేదేమోనని, వెనకనుంచి మళ్ళీ తిప్పాడు. ఏ వైపు తిప్పుతున్నాడో చూసుకోలేదు. పూర్తిగా మూసేసి, "తెరిచాక అర చుట్టు వెనక్కి తిప్పాలి" అనే పాత అలవాటు కొద్దీ అర చుట్టు తిప్పి వదిలేశాడు. అంటే వాల్వ్ తెరుచుకున్నది ఆ అర చుట్టే. పైన రెండుసార్లు ఊదిపీల్చి చూశాను, గాలి బాగానే వచ్చింది. దూకేశాను.

22 మీటర్ల దగ్గర ఊపిరి బరువెక్కింది. గట్టిగా లాగితే గానీ రావడం లేదు. సిలిండర్‌లో గాలి ఎంతుందో చూపే గేజ్ చూశాను. పీల్చినప్పుడల్లా ముల్లు సున్నా వైపు పడిపోతోంది, ఆపగానే మళ్ళీ 170 బార్‌కి లేస్తోంది. విషయం ఏమిటో నాకు వెంటనే తెలిసింది. పైన చాలిన ఆ సందు, మూడు రెట్ల ఒత్తిడిలో చాలడం లేదు. చెయ్యి వెనక్కి పెట్టి వాల్వ్ అందుకోబోయాను. అందలేదు. సిలిండర్ కిందికి కట్టి ఉంది, పైగా భుజం నొప్పితో ఉన్నాను, అది ఎవరికీ చెప్పలేదు. నా జోడీ పదిహేను మీటర్ల దూరంలో తాబేలును వీడియో తీస్తున్నాడు. ఆ పదిహేను మీటర్లు నేను ఈదింది నాకు ఈ రోజుకీ కాళ్ళలో గుర్తుంది. పోయి అతని కాలికున్న ఫిన్ పట్టుకుని లాగాను, వాల్వ్ చూపించాను. అతను రెండు చుట్లు తిప్పాడు. అంతే, గాలి వరదలా వచ్చింది.

కుర్రాడి తప్పని అందరూ అన్నారు. నేను ఒప్పుకోలేదు. భుజం నొప్పి దాచింది నేను. సిలిండర్ పట్టీ సరిచూసుకోనిది నేను. జోడీని అంత దూరం పోనిచ్చింది నేను. తొందరలో పరీక్ష ఎగ్గొట్టింది నేను. ఏ ఒక్కటి సరిగ్గా ఉన్నా ఆ రోజు ఏమీ జరిగేది కాదు.

ఆ పరీక్ష నువ్వు నేర్చుకో. రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని, కళ్ళు గేజ్ మీదే పెట్టి, నాలుగు నిండు ఊపిర్లు పీల్చు. ముల్లు కదలకుండా నిలబడాలి. ఊపిరితో పాటు ఊగిందంటే వాల్వ్ పూర్తిగా తెరుచుకోలేదన్నమాట. గేజ్ చూడకుండా పీల్చి "బాగుంది" అంటే అది పరీక్ష కాదు. వాల్వ్ పూర్తిగా తెరిచి వదిలెయ్యి, అర చుట్టు వెనక్కి అనే మాట మర్చిపో. నువ్వు చూసుకున్నాక నీ వాల్వ్‌ను ఎవరు ముట్టుకున్నా, ఎంత పెద్ద ఇన్‌స్ట్రక్టర్ అయినా, పరీక్ష మళ్ళీ మొదటినుంచి. ఇలాగే తల నుంచి కాలి దాకా ఒకే వరుసలో, ప్రతిసారీ అదే వరుసలో, జోడీతో ఎదురెదురుగా నిలబడి పైకి చెబుతూ చూసుకోండి. వరుస మారితే ఏదో ఒకటి జారిపోతుంది.

ఇక గాలి లెక్క. "50 బార్ ఉండగా పడవెక్కాలి" అని అందరూ చెబుతారు. మంచి మాటే, కానీ కొత్తవాళ్ళు దాన్ని 50 వచ్చేదాకా కింద ఉండొచ్చని అర్థం చేసుకుంటారు. ఒకసారి కాగితం తీసుకుని నాతో పాటు వెయ్యి. 18 మీటర్ల దగ్గర ఉన్నారు, నీ జోడీకి గాలి ఆగిపోయింది. ఇద్దరూ నీ సిలిండర్ మీదే పైకి రావాలి. కంగారులో ఒక్కొక్కరు నిమిషానికి 30 లీటర్లు పీలుస్తారనుకో, ఇద్దరికీ 60. అక్కడ ఒత్తిడి 2.8 బార్. పరిస్థితి చక్కబెట్టుకోవడానికి ఒక నిమిషం, అంటే 168 లీటర్లు. నిమిషానికి 9 మీటర్ల చొప్పున పైకి రావడానికి రెండు నిమిషాలు, సగటు ఒత్తిడి 1.9 బార్, 228 లీటర్లు. 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాల సేఫ్టీ స్టాప్, అంటే ఒంట్లో కరిగిన నైట్రోజన్ కొంత పోయేలా ఆగడం, 270 లీటర్లు. మొత్తం 666. నీ సిలిండర్ 11 లీటర్లది అయితే 60 బార్ దాటింది. అంటే 18 మీటర్ల దగ్గర నీ గేజ్ 50 చూపిస్తున్నప్పుడు నీకు సరిపడా ఉంది గానీ, నీ జోడీకి లేదు. నిజంగా ప్రాణం మీదికి వస్తే సేఫ్టీ స్టాప్ వదిలెయ్యొచ్చు. లెక్క వేసేటప్పుడే వదిలేస్తే మాత్రం అది లెక్క కాదు. నేనైతే ఆ లోతులో 70 రాగానే పైకి కదులుతాను. ప్రతి డైవ్‌కూ ఆ రోజు లోతుతో, ఆ రోజు సిలిండర్‌తో ఈ లెక్క పడవలోనే వేసుకో, జోడీకి ఆ అంకె చెప్పు.

గాలి పంచుకోవడం అనేది చాలామంది కోర్సులో ఒకసారి చేసి మర్చిపోయే విద్య. గాలి అయిపోయినవాడు నీ పక్కన వేలాడే అదనపు పసుపు రెగ్యులేటర్ కోసం మర్యాదగా వెతకడు, నీ నోట్లోది లాక్కుంటాడు. అందుకే ఆ గుహల డైవర్లు నోట్లో ఉన్నదే ఇచ్చేస్తారు. అది పనిచేస్తోందని అప్పటికే తెలుసు కదా. వాళ్ళ ప్రధాన రెగ్యులేటర్‌కు రెండు మీటర్ల పైచిలుకు పొడవైన గొట్టం ఉంటుంది, రెండోది రబ్బరు తాడుతో మెడలో దండలా గడ్డం కిందే ఉంటుంది. నీకు అద్దె సామానే ఇస్తారు. ఫరవాలేదు. కానీ కళ్ళు మూసుకుని రెండోదాన్ని ఒక్క కదలికలో అందుకోగలగాలి, అది ఇసుకలో ఈడ్చుకుపోతూ ఉండకూడదు. జోడీ ఎవరైనా, ప్రతి రోజూ మొదటి డైవ్ మొదట్లో ఒకసారి గాలి ఇచ్చిపుచ్చుకుని చూడండి. ఒక నిమిషం పని. జోడీ ఎప్పుడూ రెండు మూడు తన్నుల దూరంలోనే ఉండాలి. చేప ఎంత అందంగా ఉన్నా సరే.

బరువుల గురించి ఎక్కువ రాయను, నీటిలో చూపిస్తేనే తెలుస్తుంది. కొత్తవాళ్ళకు తేలిగ్గా మునగాలని ఎక్కువ బరువు కట్టేస్తారు. దాంతో కాళ్ళు కిందికి వేలాడి, నిలబడ్డట్టు ఈదుతూ, గాలి వృథా చేస్తూ, పగడాలు తొక్కేస్తారు. చేప ఎలా ఉంటుందో అలా అడ్డంగా, కదలకుండా ఉండగలగాలి. సిలిండర్‌లో గాలికి కూడా దాదాపు రెండున్నర కిలోల బరువుందని మర్చిపోకు. చివర్లో అది తగ్గాక కూడా 5 మీటర్ల దగ్గర నిలబడగలిగితే నీ బరువు సరిపోయినట్టు.

నీ ఒళ్ళు సంగతి. మెడికల్ ఫారం ఇస్తారు. అన్నిటికీ "లేదు" అని టిక్ పెట్టేసి సంతకం చెయ్యొద్దు. చిన్నప్పుడు నీకు చలికాలంలో ఆయాసం వచ్చేది, మీ అమ్మ నిన్ను బరంపురం తిప్పింది. ఆ సంగతి రాయి. ముందుగా ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించుకుని, డైవింగ్‌కు వెళ్తున్నానని చెప్పి, కాగితం తీసుకో. డాక్టరు వద్దంటే వద్దు. డబ్బులు పోతే నేను ఇస్తాను. జలుబు ఉన్న రోజు దిగొద్దు, చెవిలో ఒత్తిడి సర్దుకోదు. దిగేటప్పుడు నొప్పి వచ్చాక కాదు, ముందు నుంచే అడుగడుక్కీ చెవి సర్దుకుంటూ దిగు. సర్దుకోకపోతే కొంచెం పైకి వచ్చి మళ్ళీ ప్రయత్నించు, బలవంతం చెయ్యకు. ముందు రాత్రి నిద్ర చాలాలి, నీళ్ళు బాగా తాగాలి.

డైవ్ అయ్యాక ఒంట్లో కరిగిన నైట్రోజన్ వెంటనే పోదు. ఒత్తిడి హఠాత్తుగా తగ్గితే సోడా మూత తీసినట్టు బుడగలవుతుంది. కీళ్ళ నొప్పి, తిమ్మిరి, వింత అలసట, ఏది కనిపించినా "ఈదాను కదా, అందుకే" అని సర్దిచెప్పుకోకు. ఆక్సిజన్ అడుగు, డాక్టరును అడుగు. పోర్ట్ బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు) నేవీ ఆసుపత్రిలో దానికి చికిత్స చేసే ఛాంబర్ ఉంది. విమానం ఎక్కడానికి చివరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు ఆగాలి. నా మాట విని పూర్తిగా ఒక రోజు ఉంచుకో. ఇది విమానానికే కాదు. నువ్వు తర్వాత ఎప్పుడైనా విశాఖ రుషికొండ దగ్గర డైవ్ చేసి, అదే సాయంత్రం కోరాపుట్‌లో మీ పిన్ని ఇంటికని ఘాట్ ఎక్కావనుకో, అది కూడా పైకి ఎగరడమే. కోరాపుట్ సముద్రమట్టానికి 800 మీటర్లకు పైనే ఉంది. రాత్రి విశాఖలో పడుకుని మర్నాడు మధ్యాహ్నం దాటాక బయల్దేరు.

చివరగా, చెప్పడానికి తేలికైనదీ చెయ్యడానికి కష్టమైనదీ ఒకటుంది. ఎవరైనా, ఎప్పుడైనా, ఏ కారణం చేతనైనా, కారణం చెప్పకుండా కూడా డైవ్ ఆపెయ్యొచ్చు. బొటనవేలు పైకెత్తితే ఇద్దరూ పైకి రావాల్సిందే, వాదన ఉండకూడదు. పడవలో నువ్వే అందరికన్నా చిన్నదానివి, కొత్తదానివి అవుతావు. డబ్బులు కట్టేసి ఉంటారు. "ఇంత దూరం వచ్చి..." అంటారు. అప్పుడు మనసులో ఏదో బాగా లేదనిపిస్తే నువ్వు ఆపగలవా? 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను వచ్చినప్పుడు మనం ఇల్లు వదిలింది గాలి మొదలయ్యాక కాదు, అంతకు ముందే. ఆకాశం ఇంకా తేటగానే ఉందని తాత గొణుగుతుంటే నువ్వే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చావు, చిన్నపిల్లవి. నీకు అది చేతనవును.

ఎక్కడ నేర్చుకోవాలని అడిగావు. నేను పేరు చెప్పను. వెళ్ళినప్పుడు ఇన్‌స్ట్రక్టర్‌ను మూడు విషయాలు అడుగు: ఒకేసారి ఎంతమందిని దింపుతారు, పడవలో ఆక్సిజన్ ఉందా, ఈ మధ్య ఏ రోజైనా డైవ్ రద్దు చేశారా, ఎందుకు చేశారు. మూడోదానికి విసుక్కునేవాళ్ళ దగ్గర ఉండకు.

బయల్దేరే ముందు ఆదివారం ఒకసారి ఇంటికి రా. నా పాత రెగ్యులేటర్ అటక మీద ఉంది, దించి శుభ్రం చేసి పెడతాను. అరుగు మీద కూర్చుని, నీ కళ్ళకు తువ్వాలు కట్టి, అది ఎక్కడ పడినా చేత్తో ఎలా వెతుక్కోవాలో చేయిస్తాను. ఆ ఆయాసం కాగితాలు మీ అమ్మ దగ్గర ఇనప్పెట్టెలో ఉంటాయి, అడిగి తీసుకురా.

మీ మావయ్య